కల్లు మూసుకున్న పిల్లి

మా తేజశ్రీ నాలుక కింద కత్తిరించాలని మా అత్తగారు రాజేశ్వరమ్మగారు తీర్మానించింది నవంబరులో. ద్వారకలో మా బాల్కనీ నుంచి ఎదురు టవరు కనిపించడం మానేసిన రోజులవి. పొగ కారణంగా పిల్లలకు స్కూలు సెలవులిచ్చారు. ఇంట్లో అందరికీ కళ్ళు మంటలు. గొడవంతా ఆ కళ్ళ మంటతోనే మొదలైంది.

కాకినాడ నుంచి మా అత్తగారి అక్కగారు వీడియో కాల్ చేసి, "ఏం చేస్తున్నావే బంగారం?" అని పిల్లను అడిగారు.

"కల్లు మండుతున్నాయి పెద్దనానమ్మా," అంది తేజశ్రీ. "రోజూ అమ్మ కల్లులో చుక్కలు వేసి పడుకోబెడుతోంది."

అవతల ఆవిడ మొహం స్క్రీనుకి దగ్గరగా వచ్చింది. తర్వాత ఆవిడ గొంతు తగ్గించి, "రాజేశ్వరీ, పసిపిల్ల చేత ఏం తాగిస్తున్నారే మీరు ఆ ఢిల్లీలో?" అన్నారు.

ల, ళ మధ్య ఉన్న తేడా నాలుక చివర ఒక్క మడత. ఆ మడత పడకపోతే కంటికీ కల్లుకుండకీ తేడా ఉండదు. మా అమ్మాయికి ఆ మడత పడదు. ఇక్కడే పుట్టింది, రెండో తరగతి చదువుతోంది, స్కూల్లో హిందీ, లిఫ్టులో హిందీ, కలల్లో కూడా హిందీయే. తెలుగు బాగానే అర్థమవుతుంది. మాట్లాడేటప్పుడు మాత్రం పెళ్ళి పెల్లి అవుతుంది, నీళ్ళు నీల్లవుతాయి, "మళ్ళీ పెట్టు" అంటే "మల్లి పెట్టు" అని వినబడుతుంది. మాకు అలవాటైపోయి పట్టించుకోవడం మానేశాం. అత్తగారు మాత్రం ఆ ఫోను పెట్టేసినప్పటి నుంచి పిల్ల నోటి వైపే చూడసాగారు.

అదే వారం త్యాగరాజుగారు కూడా పట్టించుకున్నారు.

త్యాగరాజుగారు ఏదో మంత్రిత్వ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. ఇప్పుడు మా తెలుగు సంఘానికి కార్యదర్శి. కార్తీక వనభోజనాలకు పార్కులో పిల్లల చేత ఒక చిన్న నాటిక వేయిస్తున్నారు. ఉట్టి మీద పాలు దొంగిలించే పిల్లి కథ. పిల్లి వేషం తేజశ్రీకిచ్చారు, ఎందుకంటే అది మ్యావ్ అంటే కింద ఫ్లాట్ వాళ్ళ కుక్క మొరుగుతుంది. సరోజినీ నగర్‌లో కొన్న నల్ల లెగ్గింగుతో నేను తోక కుట్టాను. రెండు రోజులుగా అది ఆ తోకతోనే భోజనం చేస్తోంది, తోకతోనే పడుకుంటోంది.

రిహార్సల్లో పిల్లి మాట ఇది: "నేను కళ్ళు మూసుకుని పాలు తాగుతాను. నన్నెవరూ చూడలేరు!"

తేజశ్రీ చేతులు చాచి, గొంతెత్తి, "నేను కల్లు మూసుకుని పాలు తాగుతాను!" అంది.

"కల్లు కాదమ్మా, కళ్ళు," అన్నారు త్యాగరాజుగారు.

"అదే కదా అంకుల్. కల్లు."

"పిల్లి తాగేది పాలు తల్లీ. కల్లు తాగే పిల్లి వేరే ఉంటుంది, దాన్ని మనం సంఘంలో చేర్చుకోం. నాలుక వెనక్కి మడువు. ళ!"

"ల!"

"ళ!"

"ల్ల!"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆదివారం నాటికి ళ పలికితే సరే, లేకపోతే పిల్లి వేషం శరణ్యకిస్తానన్నారు. శరణ్య కిందటేడాది హైదరాబాదు నుంచి వచ్చిన పిల్ల, ళ చక్కగా పలుకుతుంది. తేజశ్రీ అప్పుడు ఉట్టి అవుతుందట. ఉట్టి అంటే కుండ నెత్తిన పెట్టుకుని కదలకుండా నిలబడాలి, మాటలుండవు.

ఇంటికొచ్చే దారంతా అది తోక పట్టుకుని, ఉట్టి కానంటే కానని ఏడ్చింది. "ముఝే ఉట్టి నహీ బన్‌నా!"

మర్నాడు మా అత్తగారు పిల్లను కిటికీ దగ్గర కూర్చోబెట్టి, మొబైల్ టార్చి వేసి, పెరుగు గరిటె కాడతో నాలుక ఎత్తి చూశారు.

"దొరికిందే!" అని కేక పెట్టారు. "కస్తూరీ, ఇలా రా! నాలిక్కింద తీగ! పడవని రేవుకి కట్టేసినట్టు కట్టేసుంది. ఇంక ళ ఎక్కడ తిరుగుతుంది దాని మొహం?"

నేను చూశాను. నాలుక కింద మధ్యలో సన్నగా నిలబడే పొర, అంతే. "అది అందరికీ ఉంటుందండీ అత్తయ్యా. నాలుక మరీ ఎటుపడితే అటు పోకుండా ఆపుతుంది. నేను జువాలజీ చదివాను కదా. కప్పకైతే నాలుక ముందువైపే అతుక్కుని…"

"కప్ప సంగతి నాకెందుకమ్మాయ్? కప్ప తెలుగు మాట్లాడాలా?"

ఆవిడ అంతటితో ఊరుకోలేదు. పై పెదవి ఎత్తారు, అక్కడా చిగురుకి అంటుకుని ఒక మడత. కింది పెదవి లాగారు, అక్కడొకటి. బుగ్గల లోపల కూడా చెరొకటి.

"బాబోయ్! ఎందుకైనా మంచిదని ఆ బ్రహ్మదేవుడు అన్ని వైపులా కుట్లు వేసి పంపించాడే దీన్ని!"

సాయంత్రం మా ఆయన సుధీంద్ర ఆఫీసు నుంచి వచ్చి, ఫోనులో వెతికి, దీన్ని టంగ్ టై అంటారని కనిపెట్టాడు. "బాగుంది. ఆఫీసులో నెక్ టై, ఇంట్లో టంగ్ టై," అని తన జోకుకి తనే నవ్వుకున్నాడు.

"నువ్వు నోరు తెరువు ముందు," అన్నారు అత్తగారు. టార్చి వేసి చూసి తల పంకించారు. "నీకూ ఉందిరా నాయనా. పెళ్ళయ్యాక నీ నోరెందుకు లేవటల్లేదో ఇప్పుడు తెలిసింది."

నేను పప్పులో తాలింపు వేశాను, చప్పుడు కాస్త ఎక్కువగానే వచ్చింది.

అత్తగారి దగ్గర ఆధారం కూడా ఉంది. వాళ్ళ పినతండ్రిగారి అబ్బాయి భీమేశ్వరరావుగారికి చిన్నప్పుడు ఎంతకీ మాట రాలేదట. మంత్రసాని వచ్చి నాలుక కింద గోరుతో ఇలా తెంపిందట. ఆ తర్వాత ఆయన లాయరయ్యారు.

"మొన్న పెళ్ళిలో పురోహితుడి చేతిలో మైకు లాక్కున్నది ఆయనేనా అండీ?" అన్నాను.

"ఆయ్, ఆయనే. చూశావా మరి, ఎలా వచ్చిందో మాట!"

"వచ్చింది సరే, పోలేదు కదండీ. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని మీరే అంటుంటారు…"

"కొండనాలుక జోలికి నేనెళ్ళానా? అది పైన. ఇది కింద."

ఆరోగ్యంగా ఉన్న పిల్ల నోట్లో కత్తెర పెట్టనివ్వనని నేను ఒక్కసారే అన్నాను, స్పష్టంగానే అన్నాను. అప్పటికే ఆవిడ ఇంగ్లీషు, హిందీ, తెలుగు కలిపి ఒక క్లినిక్కుకి ఫోను చేసి శనివారం రమ్మనిపించుకున్నారు. స్పీకర్‌లో ఆ రిసెప్షన్ అమ్మాయి మాట నేనూ విన్నాను. "హాఁ జీ ఆంటీ, అవసరమైతే అప్పుడే చేసేస్తారు. దో మినట్ కా కామ్ హై."

ఆ రెండు నిమిషాల మాట నన్ను వదల్లేదు. అత్తగారు నన్నెంత ఒత్తిడి చేసినా నేను తట్టుకోగలను. తట్టుకోలేనిది తేజశ్రీ వైపు నుంచి వచ్చింది. అది భయపడలేదు. తోక ఒళ్ళో పెట్టుకుని, "కట్వా దో మమ్మా. నొప్పి వస్తే వస్తుంది. ఉట్టి తో మై నహీ బనూఁగీ," అంది. పిల్లి కోసం నాలుక వదులుకోవడానికి సిద్ధపడిన పిల్లకు కప్ప నాలుక గురించి చెప్పి ఏం లాభం?

"డాక్టరు చూడటం వరకే," అన్నాను సుధీంద్రతో. "కత్తెర కనిపించిందా, పిల్లని ఎత్తుకుని బయటికొచ్చేస్తాను. మీరూ మీ అమ్మగారూ తర్వాత మెట్రోలో రండి."

"ఠీక్ హై," అన్నాడు. వాళ్ళమ్మగారు కూడా ఏదో అంటే ఆవిడతోనూ సరిగ్గా అదే గొంతుతో "ఠీక్ హై" అన్నాడు.

డాక్టర్ దహియా పెద్ద మనిషి, పెద్ద మీసాలు, పెద్ద చేతులు. ఆ చేతులు చూడగానే నేను పిల్ల భుజం పట్టుకున్నాను. బల్ల మీద ట్రేలో చిన్న కత్తెర ఒకటి మెరుస్తోంది. తేజశ్రీ దాన్ని ఆసక్తిగా చూస్తోంది. నేను తలుపు ఎటువైపు తెరుచుకుంటుందో చూసుకున్నాను.

"జీభ్ బాహర్," అన్నాడు డాక్టరు.

తేజశ్రీ నాలుక చాపింది. గడ్డం దాకా వచ్చింది. పైకి అంటే ముక్కు కొస తాకింది. పక్కకి అంటే పక్కకి, అంగిలికి అంటే అంగిలికి. చివరికి అడక్కుండానే నాలుకను దొన్నెలా చుట్టి చూపించింది.

డాక్టరు టార్చి ఆర్పేశాడు. "మాతాజీ, దీనికేమీ లేదు. ఆ పొర అందరికీ ఉండేదే. ఈ నాలుకకు ఆపరేషన్ కాదు, సర్కస్‌లో ఉద్యోగం ఇప్పించండి. నేను ముట్టుకోను."

పిల్ల భుజం మీద నా చెయ్యి వదులైంది. తేజశ్రీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "తో ఉట్టి?" అంది నా వైపు చూసి.

మా అత్తగారు లేచి నిలబడ్డారు. ఆవిడ హిందీ టీవీ చూసి నేర్చుకున్నది. "ఐసా నహీ డాక్టర్ సాబ్. మీరు సరిగ్గా చూడలేదు. జీభ్ ఐసా ఆనా చాహియే, ఫ్రీగా. దేఖో!" అని తన నాలుక చాపి చూపించారు.

నాలుక రాలేదు.

కింది పళ్ళ దాకా వచ్చి అక్కడ ఆగిపోయింది. ఆవిడ ఇంకాస్త తోశారు. కొస మధ్యలో నొక్కుపడి తమలపాకును తలకిందులుగా పట్టుకున్నట్టయింది గానీ, గడప మాత్రం దాటలేదు.

డాక్టరు చక్రాల స్టూలుని జరుపుకుంటూ ముందుకొచ్చాడు. మొహంలో అంతవరకూ లేని ఉత్సాహం. "మాతాజీ, ఒక్కసారి పైకెత్తండి. ఇంకొంచెం. అచ్ఛా! అచ్ఛా!" మమ్మల్ని పిలిచి చూపించాడు. నాలుక కింద పొర కొస దాకా వచ్చి, పొట్టిగా, గట్టిగా పట్టుకుని ఉంది. "బంధీ హుయీ తో ఆప్‌కీ హై!"

"ఏవంటున్నాడ్రా?" అన్నారు అత్తగారు.

"కట్టేసున్నది నీదట అమ్మా," అన్నాడు సుధీంద్ర.

"నాదా!"

"మాట్లాడటంలో ఎప్పుడైనా ఇబ్బంది కలిగిందా?" అని అడిగాడు డాక్టరు.

సుధీంద్ర పైన ఫ్యాను వైపు చూశాడు. నేను నా బ్యాగు జిప్పు వేసుకున్నాను.

"లేదు డాక్టర్," అన్నాడు సుధీంద్ర చివరికి. "ఆవిడకైతే ఎప్పుడూ కలగలేదు."

"కావాలంటే దీన్ని వదులు చేయొచ్చు. దో మినట్ కా…"

"వద్దు!" అన్నాం సుధీంద్రా నేనూ కలిసి. పెళ్ళయినప్పటి నుంచి మేమిద్దరం ఏ విషయంలోనూ అంత త్వరగా ఏకమవలేదు.

"కరా లో నా నానమ్మా, చేయించుకో," అంది తేజశ్రీ. "మజా ఆయేగా."

అత్తగారు మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూశారు. "ఏం? ఎందుకు వద్దు?"

"కట్టుండగానే ఇంత బాగా మాట్లాడుతున్నారు కదండీ అత్తయ్యా," అన్నాను.

ఆవిడ నా మొహం పరీక్షగా చూశారు. నేను కదలకుండా నిలబడ్డాను. పొగడ్త అనే ఒప్పుకోవాలని నిర్ణయించుకున్నట్టున్నారు, కుర్చీలో కూర్చున్నారు. కూర్చున్నాక అసలు సందేహం వచ్చింది.

"అయితే కట్టున్న నాకు ళ వస్తోంది. కట్టు లేనిదానికి రావటల్లేదు. ఇదేం విచిత్రమే?"

"ఏమిటా అక్షరం?" అన్నాడు డాక్టరు. నేను ఆయనకు విషయం చెప్పాను, పిల్లి, పాలు, ఉట్టితో సహా.

"కళ్ళు," అని పలికి చూపించారు అత్తగారు. "నీళ్ళు. పెళ్ళి."

"కల్లు," అన్నాడు డాక్టరు మర్యాదగా.

"ఈయనకీ ఉందేవిటే తీగ?"

"క్యా బోలీఁ?"

"మీ మీసాలు బాగున్నాయంటోంది," అన్నాడు సుధీంద్ర.

డాక్టరు మీసం దువ్వుకుని, "మాతాజీ, ఫిర్ సే," అన్నాడు. అత్తగారు మళ్ళీ పలికారు, ఈసారి నెమ్మదిగా, ఒక్క అక్షరమే. ఆయన తల పక్కకు వంచి విన్నాడు. తలుపు వేసి ఉందో లేదో చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, ఏదో చెయ్యకూడని పని చేస్తున్నట్టుగా, "దాళ," అన్నాడు. "కాళా. పీళా. బాదళ."

పప్పు, నలుపు, పసుపు, మబ్బు, అన్నీ ళలే. గుండ్రంగా, బరువుగా, నూనె రాసినట్టున్న ళలు.

"మాది రోహ్‌తక్ దగ్గర పల్లె. మా ఊళ్ళో అందరూ ఇలాగే అంటారు," అన్నాడు. "మెడికల్ కాలేజీ హాస్టల్లో నేను దాళ అడిగితే మెస్సు మెస్సంతా నవ్వేది. అప్పుడు మానేశాను. మీ తెలుగులో ఇది ఇంత గౌరవమైనదని నాకు తెలియదు. ఇది రాకపోతే వేషం పీకేస్తారా? వాహ్!"

తేజశ్రీ ఏడుపు ఆపేసింది. "అరే, యే తో ప్రీతీ కీ దాదీ వాలా హై!"

ప్రీతి మా పక్క ఫ్లాట్ పిల్ల, వాళ్ళదీ డాక్టరుగారి వైపే, సోనీపత్. వాళ్ళ నానమ్మని, అదే దాదీని, అనుకరించడంలో మా పిల్లను మించినవాళ్ళు టవరులో లేరు. ఇంకేముంది, కుర్చీ మీద నుంచి దిగి, నడుం మీద చెయ్యి పెట్టి, లేని కొంగు నెత్తి మీదికి లాక్కుని, గొంతు బొంగురు చేసి, "దాళ మే కాళా సై!" అంది.

రెండు ళలు. రెండూ నిఖార్సైనవి.

"మళ్ళీ అనవే!" అన్నారు అత్తగారు.

"దాళ మే కాళా సై!"

"ఆ కాళాలో ళ తీసి కళ్ళులో పెట్టు!"

"కళ్ళు," అంది తేజశ్రీ. అని, తనే ఉలిక్కిపడింది. "కళ్ళు! కళ్ళు! మమ్మా, యహీ థా? ఇదేనా? ఇది నాకు ఎప్పట్నించో వచ్చు! నాలుక మడువు, నాలుక మడువు అని ఎందుకన్నారు? దాదీలా మాట్లాడు అని చెప్పొచ్చు కదా!"

పుట్టినప్పటి నుంచి గోడకు అవతల వినిపిస్తున్న అక్షరం కోసం మేం దాని నోట్లో టార్చి వేసి వెతికాం.

బయటికొచ్చే ముందు డాక్టరు అత్తగారి నాలుకను మరొక్కసారి చూసి, ఫొటో తీసుకోవచ్చా అని అడిగాడు. ఆవిడ జుట్టు సరిచేసుకుని మరీ తీయించుకున్నారు. తిరిగొచ్చేటప్పుడు మెట్రోలో పక్కన కూర్చున్న పంజాబీ ఆవిడకు తన నాలుక ఎంత అరుదైనదో చెబుతూనే వచ్చారు.

ఆదివారం పార్కులో ఉసిరి చెట్టు లేదు. ఎవరో కుండీలో ఉసిరి మొక్క తెచ్చి బల్ల మీద పెట్టారు, దాని చుట్టూ జంపఖానాలు పరిచారు. పులిహోర, పూర్ణాలు, మాస్కులు. నాటికకు ముందు త్యాగరాజుగారు పిల్లను పక్కకు పిలిచారు.

"కళ్ళు అనమ్మా."

"కళ్ళు."

"నీళ్ళు?"

"నీళ్ళు. గోళ్ళు. పెళ్ళి. కాళ్ళు. ఔర్ బోలూఁ?"

ఆయన మొహం విప్పారింది. కాస్త బొంగురుగా ఉందేమిటి అన్నారు గానీ, వేషం పిల్లకే ఇచ్చారు. శరణ్య ఏ మాత్రం నొచ్చుకోకుండా కుండ నెత్తిన పెట్టుకుంది. ఉట్టికి ముందుగా పూర్ణాలు పెడతామని ఆ పిల్లకు చెప్పాం లెండి.

తేజశ్రీ తోక ఊపుకుంటూ వచ్చింది. జనాన్ని చూసింది. నడుం మీద చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి పెట్టినప్పుడే నాకు అనుమానం వచ్చింది.

"నేను పిళ్ళిని!" అంది ప్రీతి దాదీ గొంతుతో. "నేను కళ్ళు మూసుకుని పాళు తాగుతాను! నన్నెవరూ చూడళేరు! మ్యావ్!"

మొదట ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత వెనక జంపఖానా నుంచి నవ్వు మొదలై ముందుకొచ్చింది. పిల్లికి ఆ నవ్వు బాగా నచ్చింది. "కుండళో పాళు! చళ్ళని పాళు! తాగి వెళ్ళిపోతాను!" అని, నాటికలో లేని మాటలు కూడా కలిపేసింది. అక్కడ వాకింగ్‌కి వచ్చిన ఇద్దరు పెద్దమనుషులు, తలపాగాల వాళ్ళు, ఆగి చప్పట్లు కొట్టారు. తమ భాషేననుకున్నారు.

త్యాగరాజుగారు చేతిలో కాగితం మడిచి మా జంపఖానా దగ్గరికి వచ్చారు.

"ఏవిటండీ ఇది రాజేశ్వరమ్మగారూ? పిళ్ళేవిటి? పాళేవిటి? ఒక్కచోట ళ పలకమంటే ఊరంతా పలుకుతోంది!"

"ఏవండీ, మీకు ళ కావాలన్నారు. ఎంత కష్టపడి తెచ్చామో మాకు తెలుసు. రోహ్‌తక్ నుంచి తెప్పించాం," అన్నారు మా అత్తగారు విస్తరి సర్దుకుంటూ. "ఇప్పుడొచ్చి ల కావాలంటే ఎలా? ఆ మాట ముందే చెప్పాలి."

ఆయన ఏదో అనబోయి, స్టేజీ వైపు చూసి ఆగిపోయారు. అక్కడ పిల్లి పాల గిన్నె ముందు బోర్లా పడుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, ఆ పొడుగాటి నాలుకంతా చాపి గిన్నె అడుగు నాకుతోంది.